మూడో పూట పిండితే పొదుగు పెరుగుతుందా?

పాడి పశువుల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: ఆవును రోజుకు ఎన్నిసార్లు పితకాలి, పొదుగులో పాలు ఆపితే ఏమవుతుంది? ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. హెచ్‌ఎఫ్ క్రాస్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకర జాతి) ఆవు, రెండో ఈత. ఈని 40 రోజులైంది. రెండు పూటలా కలిపి 16 లీటర్లు ఇస్తోంది. మూడు పూటలు పిండితే ఇంకో నాలుగు లీటర్లు ఖాయమని పక్కింటాయన అంటున్నాడు. నిజమేనా? మొదలుపెట్టమంటారా?

జవాబు: పెరగడం నిజం. నాలుగు లీటర్లనేది ఆశ. మీ ఆవు స్థాయిలో మూడో పూటతో సాధారణంగా వచ్చేది నూటికి 10 నుంచి 15 వంతులు, అంటే లీటరున్నర నుంచి రెండున్నర లీటర్లు. అమెరికాలో హోల్‌స్టీన్ ఆవుల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కగడితే సగటున మూడున్నర కిలోల దాకా తేలింది. కానీ అవి కడుపునిండా సమతుల దాణా తినే ఆవులు, చల్లటి కొట్టాల్లో ఉండేవి. మన ఎండల్లో, మన మేతతో ఆ అంకెను నమ్ముకుని అప్పు చేయకండి.

రూపాయల్లో చూద్దాం. రెండు లీటర్లు పెరిగాయనుకోండి. మీ పాల కేంద్రంలో లీటరుకు 36 రూపాయలు పడితే 72 రూపాయలు. ఆవుకు రెండున్నర లీటర్ల పాలకు కిలో దాణా లెక్కన అదనంగా 800 గ్రాములు పెట్టాలి. కిలో 28 రూపాయలనుకుంటే 22 రూపాయలకు పైనే. చేతికి 50 రూపాయల లోపు మిగులుతుంది. అందుకు కడగడం, పితకడం, గిన్నెలు తోమడం కలిపి అరగంట పని. ఇంట్లో మనిషి ఉంటే సరే. ఒక్క ఆవు కోసం కూలి మనిషిని పెట్టుకుంటే నష్టమే. దాణా పెంచకుండా పూట మాత్రమే పెంచితే ఆవు తన ఒంట్లోని కొవ్వు కరిగించి పాలిస్తుంది. నెల తిరిగేసరికి పక్కటెముకలు తేలతాయి, ఎదకు రాదు. రెండు లీటర్ల కోసం ఒక ఈతే వెనక్కి పోతుంది.

ఇంకో చిక్కు మధ్యాహ్నం పాలది. పల్లెల్లో పాల కేంద్రం తెరిచేది పొద్దున, సాయంత్రం. మే నెలలో పన్నెండింటికి తీసిన పాలు బయట ఉంచితే మూడు నాలుగు గంటల్లో విరుగుముఖం పడతాయి. వాటిని సాయంత్రం పాలలో కలిపారంటే మొత్తం క్యాన్ పోతుంది. మధ్యాహ్నం పాలను ఇంటి వాడకానికో, తోడుకో, వాడుక ఇళ్లకో సర్దగలిగితేనే ఈ దారి పట్టండి. లేదా క్యాన్‌ను మెడ దాకా మునిగేలా చల్లటి నీళ్ల తొట్టెలో పెట్టి, నీళ్లు వెచ్చబడితే మార్చాలి. దానికీ ఒక మనిషి ఉండాలి.

అసలు మూడో పూట ఆలోచించే ముందు ఒక పరీక్ష చేయండి. రోజూ పితికినట్టే పితికి, అయిపోయిందని లేచే ముందు ఒక్కో చన్నును పైనుంచి నిమిరి మళ్లీ పిండి, ఆ పాలను వేరే గ్లాసులో పట్టండి. ఒక్కో చన్నుకు టీ గ్లాసుకు మించి వస్తున్నాయంటే మీ ఆవుకు కావాల్సింది మూడో పూట కాదు, ఉన్న రెండు పూటలూ పూర్తిగా పితకడం. ఆ మిగిలిపోయే పాలు కొంచెమే అనిపిస్తాయి గానీ చివరి ధారల్లో వెన్న 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, మొదటి ధారల్లో ఒకటి రెండు శాతమే.

పాలు మిగిలిపోవడానికి ఎక్కువసార్లు కారణం చేపు, అంటే ఆవు పాలు దించడం, తప్పడమే. పొదుగు కడిగి, చన్నులు నిమిరి, ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలు నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకి తీసి గడ్డలున్నాయేమో చూసి, పొడి గుడ్డతో తుడవాలి. ఇదంతా ఒక నిమిషం పని. ఈ నిమిషంలోనే మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై నెత్తురులో కలిసి పొదుగుకు చేరుతుంది. అప్పుడు చన్నులు బిగుస్తాయి, చేతికి తెలుస్తుంది. ఆ జోరు ఆరేడు నిమిషాలకు మించి నిలవదు. కాబట్టి చేపిన వెంటనే మొదలుపెట్టి, ఆగకుండా ఆ ఆరేడు నిమిషాల్లోనే ముగించాలి. మధ్యలో లేచి ఫోన్ మాట్లాడి వస్తే రెండో చేపు రాదు. కుక్క మొరిగినా, కొత్త మనిషి కూర్చున్నా, కర్ర దెబ్బ పడినా ఆవు ఎగజేపుతుంది, పాలు దించదు. అది మొండితనం కాదు. బెదిరినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుంది. బొటనవేలు మడిచి పితికే అలవాటు మానండి, చన్ను లోపలి పొర నలుగుతుంది. గుప్పిట పితుకుడే మంచిది.

ఇవన్నీ సరిగా ఉండి, ఆవు ఒళ్లు బాగుండి, మధ్యాహ్నం పాలకు గిరాకీ ఉంటే మొదలుపెట్టండి. ఉదయం 5, మధ్యాహ్నం 12, రాత్రి 7 అయినా చాలు. ఎనిమిదేసి గంటలు కచ్చితంగా ఉండాలని పట్టుబట్టక్కర్లేదు. రోజుకో వేళకు మార్చడం మాత్రం వద్దు.

మా అభిప్రాయం అడిగితే ఒకటి చెబుతాం. మూడో పూటకు అన్నిటికన్నా విలువైన కాలం ఈనిన తర్వాత మొదటి మూడు వారాలు. ఆ రోజుల్లో పొదుగులోని పాల కణాలు పని అందుకుంటుంటాయి. అప్పుడు తరచుగా ఖాళీ చేస్తే, ఆ తర్వాత రెండు పూటలకు దిగినా పెరిగిన పాలలో కొంత ఆ ఈత పొడవునా నిలిచినట్టు చాలా ప్రయోగాల్లో కనిపించింది. ఏడాదంతా కాకుండా 21 రోజులే అదనపు పని అన్నమాట. మీ ఆవుకు 40 రోజులైంది కాబట్టి ఆ లాభం ఈసారికి చాలామటుకు దాటిపోయింది. వచ్చే ఈతకు గుర్తుపెట్టుకోండి. గత ఈతలో పాలజ్వరం (ఈనిన వేళ నెత్తురులో కాల్షియం పడిపోయి వచ్చే జబ్బు) వచ్చిన ఆవు అయితే మాత్రం ముందు పశువైద్యుడితో మాట్లాడాలి. జున్నుపాలలో కాల్షియం మామూలు పాలకు దాదాపు రెట్టింపు ఉంటుంది. అలాంటి ఆవును తొలి రెండు రోజులూ పదేపదే పిండటం మంచిది కాదు. దూడకు సరిపడా మాత్రం ఈనిన గంట రెండు గంటల్లో తాగించాల్సిందే.

ప్రశ్న: తొలిచూలు ఆవుకు పొదుగు చిన్నగా ఉంది. సాయంత్రం పాలు సగం వదిలేస్తే పొదుగు సాగి, కొన్నాళ్లకు ఎక్కువ పాలు పడుతుందని మా పెద్దవాళ్లు చెబుతున్నారు. గోనెసంచి కూరితే సాగినట్టు సాగుతుందా?

జవాబు: సాగదు. పైగా ఉన్నది తగ్గుతుంది. ఈ ఒక్క నమ్మకం వల్ల పాడయిన తొలిచూలు ఆవులు చాలా ఉన్నాయి, అందుకే కొంచెం వివరంగా చెబుతాం.

పొదుగు పాలు నింపుకునే తిత్తి కాదు. ఎక్కడి పాలు అక్కడే తయారయ్యే కార్ఖానా. లోపల ద్రాక్షగుత్తుల్లా సన్నటి పాలబుడగలు లక్షల కొద్దీ ఉంటాయి. ఒక్కో బుడగ లోపలి గోడంతా పాల కణాలు. బుడగల నుంచి సన్న గొట్టాలు, వాటి నుంచి పెద్ద గొట్టాలు, చివరికి చన్ను పైన ఒక చిన్న గది. పితకబోయే వేళకు ఆ గదిలో ఉండేది ఐదో వంతు పాలు, చాలా ఆవుల్లో అంతకన్నా తక్కువే. మిగతావన్నీ బుడగల్లోనే ఉంటాయి, చేపినప్పుడే దిగుతాయి. తొలిచూలు ఆవులో ఈ గది ఇంకా చిన్నది. అందుకే పాలు ఆపితే పెద్దావు కన్నా దానికే ముందు దెబ్బ తగులుతుంది.

పితికాక మొదటి పది పన్నెండు గంటలు పాలు ఒకే జోరున ఊరుతాయి. తర్వాత బుడగలు నిండి, లోపల ఒత్తిడి పెరిగి, ఊరడం నెమ్మదిస్తుంది. ఒత్తిడి ఒక్కటే కాదు, నిలిచిన పాలలోని కొన్ని పదార్థాలు కూడా కణాలకు ‘ఇక చాలు’ అని చెబుతాయి. 18 గంటలు దాటే వేళకు కణాల మధ్య అతుకులు వదులై, నెత్తురులోని ఉప్పు పాలలోకి దిగడం మొదలవుతుంది. ఆ పాలు నాలుకకు ఉప్పగా తగులుతాయి. ఒకటిన్నర రోజు అలాగే వదిలేస్తే ఊరడం దాదాపు ఆగిపోతుంది. ఇలా పదేపదే జరిగితే కొన్ని కణాలు నశిస్తాయి. ఆ ఈతకు అవి తిరిగి రావు.

దీనికి తిరుగులేని రుజువు ఒకటుంది. ఒకే ఆవుకు పొదుగులో కుడి సగాన్ని రోజుకు నాలుగు సార్లు, ఎడమ సగాన్ని రెండు సార్లు పితికి చూశారు. మేత ఒకటే, నెత్తురు ఒకటే, హార్మోన్లూ అవే. అయినా ఎక్కువసార్లు ఖాళీ అయిన సగమే ఎక్కువ పాలిచ్చింది. అంటే ఎంత ఊరాలో పొదుగులోని ఆ భాగమే నిర్ణయించుకుంటోంది. ఖాళీ చేస్తే ఊరుతుంది, నిలిపితే మానుతుంది. బావి తోడేకొద్దీ ఊరుతుందనే మాట మన పెద్దవాళ్లదే కదా, అది పొదుగుకూ వర్తిస్తుంది.

సగం వదలడం వల్ల సాగేదేమైనా ఉంటే అది పొదుగును నడుమ పట్టి మోసే బంధనం. అది వదులైతే పొదుగు మోకాళ్ల కిందికి జారుతుంది, చన్నులు బయటికి తిరుగుతాయి, లేచేటప్పుడు గిట్ట కింద నలుగుతాయి. సంత కళ్లకు పెద్ద పొదుగే, కానీ పాలు పెరగవు.

అసలు సామర్థ్యం ఎక్కడ తయారవుతుందంటే, కొంత జాతిలో, కొంత పెయ్యగా ఉన్నప్పుడు, ఎక్కువ భాగం చూలు చివరి మూడు నెలల్లో. ఎదకు రాకముందు పెయ్యకు దాణా కుక్కి కొవ్వు పట్టిస్తే పొదుగులో పాల కణజాలం పెరగాల్సిన చోట కొవ్వు చేరుతుంది. ఎండిపోయేలా మాడ్చినా నష్టమే. మీ ఆవు తొలి ఈతే కాబట్టి బెంగ వద్దు. రెండు, మూడు ఈతలకు పొదుగు దానంతట అదే పెరుగుతుంది. పూర్తి దిగుబడి వచ్చేది మూడు నాలుగు ఈతలకే. అప్పటిదాకా ప్రతి పూటా చివరి ధార వరకు పితకండి. తన ఎదుగుదలకు కూడా కావాలి కాబట్టి తొలిచూలు ఆవుకు పాల లెక్క దాణా కాక ఇంకో కిలో వేయండి.

ప్రశ్న: పొద్దున 5కి, సాయంత్రం 3కి పితుకుతాం. కేంద్రంలో పొద్దున ఫ్యాట్ 3.4, సాయంత్రం 4.1 చూపిస్తోంది. పొద్దున పాలలో మోసం జరుగుతోందా? వేళలు మార్చాలా? (జనగామ)

జవాబు: మోసం కాదు, గడియారం. మీకు పగలు పది గంటల ఎడం, రాత్రి పద్నాలుగు గంటల ఎడం. ఎడం పెరిగితే పాలు ఎక్కువ, వెన్న శాతం తక్కువ. ఎడం తగ్గితే పాలు తక్కువ, శాతం ఎక్కువ. ప్రతి పూటా పొదుగులో కొంత చిక్కటి పాలు మిగిలిపోయి తర్వాతి పూటలో కలుస్తాయి. సాయంత్రం కొద్ది పాలలో కలిస్తే శాతం పైకి కనిపిస్తుంది, పొద్దున ఎక్కువ పాలలో కలిస్తే పలచబడుతుంది.

రెండూ కలిపి చూసుకోండి. పొద్దున 7 లీటర్లు 3.4తో అంటే సుమారు 238 గ్రాముల వెన్న, సాయంత్రం 5 లీటర్లు 4.1తో 205 గ్రాములు. మొత్తం 12 లీటర్లకు 443 గ్రాములు, సగటు 3.7. వెన్న లెక్కన డబ్బు కట్టే చోట మీకు పోయేదేం లేదు. పొద్దున పాలు 3.2 కిందికి పడితేనే చిక్కు. ఆవుపాలకు ఆహార ప్రమాణాల్లో కనీస వెన్న శాతం అదే, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) 8.3 శాతం.

పన్నెండు లీటర్ల ఆవుకు 10–14 ఎడంతో పోయే పాలు నామమాత్రం. పాతిక లీటర్ల ఆవుకైతే పద్నాలుగు గంటలు ఎక్కువే. కేంద్రం ఒప్పుకుంటే సాయంత్రం వేళను నాలుగున్నరకు జరపండి, రోజుకు పావుగంట చొప్పున.

ప్రశ్న: నెలకోసారి ఊరికెళ్లాల్సి వస్తుంది. ఒక సాయంత్రం పితకకపోతే ఏం కొంప మునుగుతుంది?

జవాబు: రోజుకు ఏడెనిమిది లీటర్లిచ్చే, ఈని ఆరు నెలలు దాటిన ఆవుకైతే మునగదు. మర్నాడు కొంత తగ్గి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. న్యూజిలాండ్‌లో, ఫ్రాన్స్‌లో కొందరు రైతులు కావాలనే రోజుకు ఒకే పూట పితుకుతారు. పాలు పావు వంతు, ఒక్కోచోట మూడో వంతు తగ్గినా, కూలి మిగులుతుందని వాళ్ల లెక్క.

ఈని రెండు నెలలు దాటని ఆవుకు, 15 లీటర్లకు పైన ఇచ్చేదానికి, పొదుగువాపు వచ్చి తగ్గిన చన్ను ఉన్నదానికి ఈ పని చేయకండి. నిండిన చన్ను నుంచి పాలు కారుతుంటాయి, ఆ తెరిచిన రంధ్రంలోంచి పేడలోని సూక్ష్మక్రిములు పైకెక్కుతాయి. తప్పనప్పుడు ఒక పూట పూర్తిగా ఎగ్గొట్టడం కన్నా ఆలస్యంగానైనా పితకడం నయం. పొద్దున 5కి పితికి, రాత్రి 9కి వచ్చి పితికితే 16 గంటలే అవుతుంది. ఆ రోజు దాణా ఒక కిలో తగ్గించండి. వచ్చాక చివరి ధార వరకు పితికి, చన్నులను అయొడిన్ ద్రావణంలో ముంచండి. మేత వేసి అరగంట నిలబెడితే చన్ను రంధ్రం మూసుకుంటుంది.

ప్రశ్న: సంతలో ఆవును కొనబోతే పొదుగు రాయిలా బిగిసి ఉంది, పూటకు పది లీటర్లన్నారు. ఇంటికి తెచ్చాక ఐదే. ఎలా కనిపెట్టాలి?

జవాబు: ముందు రోజు పొద్దుటి నుంచి పితకకుండా తెచ్చి ఉంటారు. చూడగానే తెలిసే గుర్తులున్నాయి. చన్నులు నిటారుగా పక్కలకు తన్నుకుని ఉంటాయి, వెనక కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంది, ఊరికే నిలబడినా చన్ను చివర తెల్లగా బొట్టు వేలాడుతుంటుంది, పొదుగు మీద చెయ్యి వేస్తే తన్నబోతుంది. వేలితో నొక్కి వదిలితే గుంట పడితే అది పాలు కాదు, నీరు.

సంతలో ఒక పూట పితికి చూపిస్తే నమ్మకండి, అవి రెండు పూటల పాలు. అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లి సాయంత్రం మీ ఎదుట ఖాళీగా పితికించండి, ఆ పాలను లెక్కలోకి తీసుకోకండి. మర్నాడు పొద్దున, సాయంత్రం పితికించి కొలవండి, అది ఆవు అసలు దిగుబడి. ఖాళీ అయ్యాక పొదుగును చేత్తో పట్టి చూడండి. మంచి పొదుగు పితికాక మెత్తగా ముడతలు పడి, తడిపిన తోలుసంచిలా చేతిలో ఒదుగుతుంది. పితికినా అదే సైజులో గట్టిగా ఉంటే అది మాంసపు పొదుగు, దానికి ఎన్ని పూటలు పెంచినా పాలు పెరగవు. నాలుగు భాగాల్లో ఒకటి చల్లగా, గట్టిగా, చిన్నగా ఉంటే పాత పొదుగువాపుతో చచ్చిన భాగం. వెనక్కి తిరిగి వచ్చేయండి.

ప్రశ్న: మా ముర్రా గేదెకు కూడా మూడు పూటలు పనికొస్తుందా? ఇంజక్షన్ వేస్తేనే చేపుతోంది. (తెనాలి)

జవాబు: ముందు ఇంజక్షన్ సంగతి. ఆక్సిటోసిన్ పాలను దించుతుంది, పుట్టించదు. రోజూ వేస్తే తన సొంత చేపు మరిచిపోతుంది, ఆపైన సూది లేనిదే చుక్క రాదు. పాలకోసం పశువుకు హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా. మానిపించాలంటే ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోట. పితికే ముందు కొంచెం దాణా, రెండు మూడు నిమిషాల నిమురుడు, దూడ ఉంటే దూడ. వారం పది రోజులు పాలు తగ్గినా ఓర్చుకోవాలి.

గేదెలో చన్ను పైనున్న గది ఆవు కన్నా ఇంకా చిన్నది, దాదాపు పాలన్నీ బుడగల్లోనే ఉంటాయి. కాబట్టి చేపకుండా పితికితే ఏమీ రాదు. రోజుకు మూడుసార్లు చేపించడం గేదెతో కష్టమైన పని. 12 లీటర్లు దాటిన ముర్రాకు తప్ప మేం సలహా ఇవ్వం.

ప్రశ్న: ఏడు నెలల చూలు ఆవు ఇంకా 9 లీటర్లు ఇస్తోంది. వట్టిపోనివ్వాలంటే ఎలా? ఒక్కసారిగా ఆపితే పొదుగు పగులుతుందంటున్నారు.

జవాబు: పగలదు. పాలు నిలిపితే ఊరడం మానుతుందని పైన చెప్పిన సంగతినే ఇక్కడ కావాలని వాడుకుంటాం. వారం ముందు దాణా ఆపి, పచ్చిమేత తగ్గించి, ఎండుగడ్డి పెంచండి. నీళ్లు మాత్రం ఆపకండి. నాలుగైదు రోజులు ఒక పూటే పితకండి. ఐదారు లీటర్లకు దిగాక ఒక రోజు చివరి ధార వరకు పితికి, పశువైద్యుడి సలహాతో నాలుగు చన్నుల్లోకీ వట్టిపోయే ఆవులకు వాడే మందు ట్యూబులు ఎక్కించి, అయొడిన్‌లో ముంచి వదిలేయండి.

రెండు మూడు రోజులు పొదుగు పొంగుతుంది. జాలిపడి కాస్త కాస్త పిండకండి. పిండిన ప్రతిసారీ కార్ఖానా మళ్లీ తెరిచినట్టే, చన్ను రంధ్రమూ తెరుచుకుంటుంది. వారం పది రోజుల్లో దానంతట అదే ముడుచుకుంటుంది. ఒక చన్ను మాత్రమే ఎర్రబడి, వేడిగా ఉండి, ఆవు మేత మానితే అప్పుడు పితికించి వైద్యం చేయించాలి. ఈనే నాటికి 60 రోజుల విరామం ఉండేలా చూసుకోండి. పాత కణాలు పోయి కొత్తవి వచ్చేది ఆ రెండు నెలల్లోనే. 40 రోజుల కన్నా తగ్గిస్తే ఇప్పుడు దొరికిన పాలకన్నా ఎక్కువే వచ్చే ఈతలో పోతాయి.